పిల్లియు గుడ్లగూబయు

ఎలుకకు ప్రబల శత్రువులు రెండు మన యూళ్లలోనే కలవు. ఒకటి పాలిచ్చి పిల్లలను పెంచు జంతువు. రెండవది గ్రుడ్లుపెట్టు పక్షి. పిల్లి యెదురువచ్చిన నపశకునమని మనవారందురు. అయినను దానికి పాలు పోయుదురు. గుడ్లగూబ కనబడినచో రాళ్లు రువ్వుదురు. ఈ భేదము న్యాయమగునా యని విద్యార్థులు విచారింపవలెను.

మొదట శరీరనిర్మాణము చూడుడు. పిల్లికంటి వెనుకనున్న పొర వెలుతురును మరల త్రిప్పి చూపును బలపరచును. రాత్రివేళ దాని కన్ను మెరయుట కిదియే కారణము. గుడ్లగూబ కన్నులు కదలవు. కావున మెడనే త్రిప్పుకొనును. పిల్లి మెడలో, మన మెడలోవలెనే, 7 ఎముకలు; గుడ్లగూబ మెడలో 14. అందుచే నది తలను 270 డిగ్రీలవరకు త్రిప్పగలదు. పిల్లి గోళ్లను లోనికి ముడిచి చప్పుడు కాకుండ నడచును. గుడ్లగూబ యీకల యంచునందలి మెత్తని కుచ్చులు రెక్కల చప్పుడు నణచును. చావుపిట్ట యనబడు తెల్లముఖపు గుడ్లగూబకు చెవులు రెండును సమానమైన యెత్తున నుండవు. శబ్దము రెండు చెవులకు చేరుటలోని భేదమునుబట్టి, కటికచీకటిలో సయితము ఎలుకయున్న తావును అది కనిపెట్టును.

ఇక ప్రయోజనము. పిల్లి యింటికిని ధాన్యపుకొట్టుకును మంచి కావలియే. కాని కడుపు నిండినను వేటాడును. పిచ్చుకలను, తొండలను గూడ చంపును. గుడ్లగూబ యెలుకను మ్రింగి, అరగని యెముకలను వెండ్రుకలను ఉండగా కక్కును. అట్టి యుండలను విప్పిచూచిన శాస్త్రజ్ఞులకు పెక్కుచోట్ల విశేషముగా దొరకినవి ఎలుకల పుర్రెలే. మలేషియాలో పామాయిలు తోటలయందు పెట్టెలు నాటి, వానిలో ఈ పక్షులు గూడు పెట్టునట్లు చేయుచున్నారు. మనమో, పొలములో విషము చల్లుదుము. ఆ విషము తిన్న యెలుకను తిని గుడ్లగూబయు చచ్చును. కాపరి చచ్చిన పిమ్మట ఎలుకలకు అడ్డేమి?

దాని కూత విన్న యింట చావు కలుగునందురు. ఆ కూత జోడును పిలుచుటకును, తన తావును కాచుకొనుటకును వేయునది. చావు దానివెంట రాదు. ఎలుకలున్నచోటికి అది వచ్చును, అంతియే. గుడ్లగూబలను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. అయినను చట్టముకంటె తెలివి మేలు. కొట్టునకు పిల్లిని, చేనునకు గుడ్లగూబను కావలియుంచుకొనుటయే బుద్ధిమంతుల పని. కావున, బాలురారా, చేతిలోని రాతిని క్రింద పడవేయుడు; మీ యింటిలోని పెద్దలకును ఈ సంగతి చెప్పుడు.