ఛాయాగ్రాహకుని కావడి

మోసేవానికి తెలుసు కావడి బరువు అన్నది తెలుగువారి సామెత. ఛాయాచిత్రాన్ని చూసేవారు అందులోని వెలుగునీడలను, ముఖకవళికలను మెచ్చుకొంటారు. ఆ చిత్రం కోసం ఒక మనిషి ఎంత బరువును ఎంత దూరం మోశాడో వారికి కనిపించదు. ఫోటోగ్రఫీ నేర్చుకొనే యువతీయువకులు సైతం ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు మేలైనది అన్న విషయాలను గంటల తరబడి చర్చిస్తారు గాని, వాటిని ఎలా మోయాలన్న ప్రశ్నను చివరికి వదిలివేస్తారు. నిజానికి అది కేవలం సంచికి సంబంధించిన ప్రశ్న కాదు. ఛాయాగ్రాహకుని చూపుకు, ఆరోగ్యానికి, తోటివారి పట్ల అతని బాధ్యతకు సంబంధించిన ప్రశ్న.

ఈ కళ తొలినాళ్ళలో బరువు తప్పనిసరిగా ఉండేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన పద్ధతిలో గాజుపలకకు రసాయనాలు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలసి వచ్చేది. కనుక ఛాయాగ్రాహకుడు ఎక్కడికి వెళ్ళినా చీకటిగదిగా పనికివచ్చే గుడారం అతని వెంట వెళ్ళవలసిందే. 1860 దశకంలో శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు హిమాలయాలను చిత్రించినప్పుడు గుడారం, గాజుపలకలు, రసాయనాల సీసాలు పదుల సంఖ్యలో కూలీల వీపుల మీద కొండలెక్కాయి. చిత్రాల కింద బోర్న్ పేరు నిలిచింది. మోసినవారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు.

బరువు తగ్గించుకోవాలన్న ఆరాటం ఈ కళ గతినే మార్చింది. జర్మనీలోని లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసరోగి. పెద్ద కెమెరాను, పలకలను మోసుకొని తిరగడం ఆయనకు కష్టమయ్యేది. చలనచిత్రాలకు వాడే సన్నని ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరా నమూనాను ఆయన 1914 నాటికి రూపొందించాడు. అదే 1925లో లైకా పేరుతో విపణికి వచ్చింది. ఫ్రాన్సు దేశీయుడైన ఆన్రీ కార్టియే బ్రెస్సాన్ చాలావరకు అటువంటి చిన్న కెమెరాతో, ఒకే 50 మిల్లీమీటర్ల లెన్సుతో ప్రపంచమంతా తిరిగాడు. 1948లో గాంధీజీ అంతిమయాత్రను చిత్రించినవారిలో ఆయన ఒకడు. చేతిలోని పరికరం తేలికపడినకొద్దీ కాలు ముందుకు సాగుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

నేడు పరికరాలు చిన్నవైనా, వాటి సంఖ్య పెరిగింది. పెళ్ళి ఫోటోలు తీసేవారి సంగతే చూడవచ్చు. రెండు కెమెరాలు, కిలోకు పైగా తూగే దూరపు లెన్సు, మరొక లెన్సు, ఫ్లాష్, బ్యాటరీలు, స్టాండు కలిస్తే ఆరేడు కిలోలు దాటడం కష్టం కాదు. పెళ్ళికూతురిని చేయడం మొదలుకొని అప్పగింతల దాకా ఆ బరువుతోనే నిలబడాలి. మెడకు వేలాడే కెమెరా తలను ముందుకు లాగుతుంది. ఒకే భుజానికి తగిలించుకొన్న సంచి మనిషిని ఒక పక్కకు వంచుతుంది. ఒకనాటికి అది అలసట మాత్రమే. ఏళ్ళ తరబడి సాగితే మెడనొప్పి, నడుమునొప్పి జీవనోపాధికే ముప్పుగా పరిణమిస్తాయి.

బరువును మోసే ఉపాయం తెలుగు పల్లెలకు కొత్తది కాదు. నీళ్ళబిందెను నెత్తికెత్తుకొనే స్త్రీ ముందుగా చుట్టకుదురు పెట్టుకొంటుంది. అది బరువును తగ్గించదు, ఒకేచోట ఒత్తకుండా పరుస్తుంది. కావడి మోసేవాడు రెండు వైపులా బరువును సమంగా సర్దుకొంటాడు. వెడల్పాటి మెత్తని పట్టీకి, రెండు భుజాల సంచికి ఆధారమైన సూత్రాలు ఇవే. నడుము పట్టీ ఉన్న సంచి భుజాల మీది భారంలో చాలా భాగాన్ని కటి ఎముకలకు అప్పగిస్తుంది. బరువైన వస్తువులను సంచిలో వెన్నుకు దగ్గరగా అమర్చితే అది మనిషిని వెనక్కు లాగదు.

అయితే అన్ని పనులకూ ఒకే సంచి పనికిరాదు. పులికాట్ సరస్సు సమీపంలోని నేలపట్టులో గూడబాతులను చిత్రించడానికి నడిచి వెళ్ళేవారికి వీపు సంచి అనుకూలం. జాతరలో అదే సంచి వెనకవారికి తగులుతుంది, దాని జిప్పు యజమాని కంటికి కనిపించదు. పెళ్ళిమండపంలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, ఛాయాగ్రాహకుడు సంచి దించి లెన్సు వెతుక్కొనే వరకు ఆగదు. అక్కడ భుజం మీదుగా ఏటవాలుగా వేసుకొనే పట్టీ, నడుముకు కట్టుకొనే చిన్న సంచి మేలు. కనుక సంచిని అంగడిలో అందాన్ని చూసి గాక, పూర్తి సామానుతో నింపి, కొంతసేపు నడిచి చూసి ఎంచుకోవాలి.

సంచిని ఎంచుకోవడం కంటె ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. ఇంటివద్ద ఏది వదిలి వెళ్ళాలో నిర్ణయించుకోవడం. ఒకవేళ అవసరమైతే ఎలా అన్న భయంతోనే చాలామంది సంచి నింపుతారు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. కెమెరా మొరాయిస్తే తలంబ్రాలను మళ్ళీ పోయించలేరు. డబ్బు తీసుకొని పని ఒప్పుకొన్నవారు రెండవ కెమెరాను, అదనపు బ్యాటరీని వెంట ఉంచుకోవడం వృత్తిధర్మం. కాని సంవత్సరానికి ఒకసారైనా బయటికి తీయని లెన్సును ప్రతిదినం మోయడం ముందుజాగ్రత్త కాదు, నిర్ణయం తీసుకోలేకపోవడం. అలసినవాడు మరో నాలుగు మెట్లెక్కితే కనిపించే దృశ్యాన్ని వదులుకొంటాడు. వంగి తీయవలసిన చిత్రాన్ని నిలబడి తీస్తాడు. సంచిలో అన్నీ ఉంటాయి, చిత్రంలో మాత్రం ప్రాణం ఉండదు.

బరువును తగ్గించుకోవడమంటే దానిని మరొకరి నెత్తిన పెట్టడం కాదు. పెళ్ళిళ్ళలో లైట్లు, స్టాండ్లు మోస్తూ పని నేర్చుకొనే కుర్రవాళ్ళు ఎందరో ఉన్నారు. వారి భుజాలు కూడా భుజాలే. తనకు తేలికైన సంచి కొనుక్కొని, సహాయకుని చేతికి తెగిపోవచ్చిన పెట్టెను అందించేవాడు బోర్న్ కాలాన్ని దాటి ముందుకు రాలేదు. బరువును పంచుకోవడం, నడుమ విశ్రాంతినివ్వడం, వేళకు భోజనం పెట్టించడం పరికరాల కొనుగోలు కంటె ముందు నేర్వవలసిన మర్యాదలు.

ఏది చట్రంలో ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించడమే ఛాయాచిత్రకళ. ఆ వివేకం కెమెరాను కంటికి ఆనించినప్పుడు మొదలవుతుందనుకోవడం పొరపాటు. తెల్లవారుజామున సంచి సర్దుకొనేటప్పుడే అది మొదలు కావాలి. యువ ఛాయాగ్రాహకులు తమకు మోయగలిగినంత బరువును గాక, మోస్తూ కూడా నిదానంగా చుట్టూ చూడగలిగినంత బరువునే ఎంచుకోవడం ఉచితం.