ఏడ్చేవారికీ మన సంఘంలో చోటుండాలి
కీర్తనలతో కలిసి ప్రార్థిద్దాం రండి



ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకు మనం సమయం ఇస్తాం. జ్వరం తగ్గినవారు లేచి చెబుతారు. కొడుక్కి ఉద్యోగం వచ్చినవారు చెబుతారు. మనమంతా చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతిస్తాం. మంచిదే. మరి జ్వరం తగ్గనివారు ఎప్పుడు లేవాలి? తేమ 12 శాతం దాటిందంటే మార్కెట్ నుంచి పత్తి బండిని వెనక్కి తోలుకొచ్చిన రైతు ఏమని సాక్ష్యం చెప్పాలి? అప్పులకు తాళలేక భర్త ప్రాణం తీసుకుంటే, పిల్లలను ఒళ్లో పెట్టుకుని చివరి చాపమీద కూర్చున్న ఆడబిడ్డ ఎవరితో చెప్పుకోవాలి? జవాబు దొరికినవారికి మైకు ఇస్తున్నాం. జవాబు కోసం ఎదురుచూస్తున్నవారికి ఇవ్వడం లేదు. కొన్నాళ్లకు వాళ్లు రావడం మానేస్తారు. వాళ్ల విశ్వాసం సన్నగిల్లిందని మనం అనుకుంటాం.

ఈ లోటు తీర్చే దారి మన చేతిలోని బైబిల్లోనే ఉంది. కీర్తనల గ్రంథాన్ని మళ్లీ మన ఉమ్మడి ప్రార్థనగా చేసుకోవాలి. ఈ కరపత్రం కోరేది ఇదే.

మనం పక్కన పెట్టేసిన కీర్తనలు

23, 91, 121 కీర్తనలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. గోడ క్యాలెండర్లలో, కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో కనబడేవి ఎక్కువగా అవే. అవి మనకు ప్రాణం, అందులో సందేహం లేదు. కానీ గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో దాదాపు మూడో వంతు మొరలే: రోగంతో మంచంపట్టినవారివి, నిందపడ్డవారివి, స్నేహితుడే మోసం చేసినవారివి, ఊరు కాలిపోయినవారివి.

13వ కీర్తన తెరిచి చూడండి. ఆరే చరణాలు. మొదటి రెండు చరణాల్లోనే భక్తుడు దేవుణ్ణి ఇంకెన్నాళ్లని నాలుగుసార్లు నిలదీస్తాడు. ఆ తర్వాత, నావైపు చూడు, నాకు జవాబివ్వు అని వేడుకుంటాడు. చివరికొచ్చేసరికి పాడతానంటాడు. ఈలోగా అతని కష్టం తీరిందని ఎక్కడా రాసిలేదు. గుండెలో ఉన్నదంతా దేవుడి ముందు చెప్పుకున్నాడు, ధైర్యం తెచ్చుకున్నాడు, అంతే. 88వ కీర్తనలో ఆ మలుపు కూడా లేదు. అది చీకటి మాటతోనే ఆగిపోతుంది. భక్తులు దాన్ని గ్రంథంలోంచి తీసెయ్యలేదు, తరతరాలుగా అలాగే ప్రార్థిస్తూ వచ్చారు. దుఃఖం ఇంకా తీరని మనిషికి కూడా దేవుడి ముందు మాట ఉందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

సిలువమీద యేసు ప్రభువు తన వేదనను చెప్పుకున్నదీ, తన ఆత్మను తండ్రికి అప్పగించుకున్నదీ 22, 31 కీర్తనల మాటలతోనే. ఆయన పలికిన మొరను మన ఆరాధనలో పలకడానికి మనకు సంకోచం దేనికి?

కీర్తనలు ఏ ఒక్క సంఘానివీ కావు

యూదులు పస్కా రాత్రి 113 నుంచి 118 వరకు కీర్తనలు పాడతారు. 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. అది అనుసరించే సీరో మలబార్ సంప్రదాయంలో ఉదయ, సాయంకాల ప్రార్థనలు కీర్తనలతోనే సాగుతాయి. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం 150 కీర్తనలనూ 30 రోజులకు పంచిపెట్టింది. 1947లో దక్షిణ భారత సంఘం ఏర్పడినప్పుడు ఆ వారసత్వం కూడా అందులో కలిసింది. పెంతెకొస్తు సోదరులైనా, బాప్టిస్టులైనా, కతోలికులైనా కీర్తనల దగ్గర ఎవరితో ఎవరికీ పేచీ లేదు.

కష్టంలో ఉన్నవారిని చేర్చుకోవడమంటే ఏమిటో కూడా మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయాన్ని కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి, తిండి పెట్టి మిషనరీ పోస్నెట్ దొర కట్టించారు. అక్కడ ముందు ఆకలి తీరింది, తర్వాతే గోడలు లేచాయి.

కొందరి సందేహాలు

దేవుణ్ణి ఇలా అడగడం సణుగుడు కాదా? అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడి గురించి తమలో తాము సణిగారు. కీర్తనకారుడు దేవుడితోనే మాట్లాడాడు. ఆయనమీద ఆశ వదులుకున్నవాడు ఆయనకు మొరపెట్టడు.

శత్రువులను శపించే కీర్తనల సంగతేమిటి? 109, 137 లాంటివి చదవడం కష్టమే. పొలం గట్టు తగాదాలో గొడ్డలి దాకా వెళ్లే కోపం మన ఊళ్లలో ఉంది. ఆ కోపాన్ని దేవుడి ముందు కక్కేసి, తీర్పు ఆయనకే వదిలెయ్యమని ఈ కీర్తనలు నేర్పుతాయి. పొరుగువారి పేరు తలచి వాటిని చదవడం మాత్రం తప్పు. పెద్దలు ఆ మాట ముందే చెప్పి చదివించాలి.

చదువు రానివారు ఎలా? 136వ కీర్తన చూడండి. 26 చరణాలు, ప్రతి చరణం చివరా ఒకటే పల్లవి. ముందు సగం ఒకరు చదివితే, మూడో చరణానికల్లా పుస్తకం పట్టని అవ్వ కూడా పల్లవి అందుకుంటుంది.

మనం చేయాల్సింది

1. ప్రతి ఆదివారం వరుసలో ఒక కీర్తన చదవాలి. నచ్చినవి ఏరుకోవద్దు. ఒక చరణం ఒకరు, తర్వాతి చరణం అందరూ చదవాలి. వారానికొకటి చొప్పున మూడేళ్లలోపే 150 పూర్తవుతాయి.

2. వారంలో ఒక సాయంత్రం అరగంట కీర్తనల ప్రార్థన పెట్టుకోవాలి. ప్రసంగం వద్దు. కీర్తన రెండుసార్లు నిదానంగా చదివి, కాసేపు మౌనంగా ఉండి, తర్వాత ఇష్టమున్నవారు ఒక్కో మాటతో ప్రార్థించాలి. పత్తి ఏరే రోజుల్లో కూలికి వెళ్లి వచ్చేవారికి అనువైన వేళ చూసి పెట్టాలి.

3. తెలుగులో చదివాక గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ వచ్చినవారు అదే భావాన్ని తమ భాషలో చెప్పాలి. మొర సొంత భాషలోనే బయటికొస్తుంది.

4. సాక్ష్యాలతోపాటు మొరలకూ సమయం ఇవ్వాలి. చెప్పుకున్నవారికి వెంటనే సలహాలివ్వకూడదు. ఏ పాపం చేశావని అడగకూడదు. అక్కడ విన్న మాట గుమ్మం దాటకూడదు.

5. కొత్తగా వచ్చినవారిని కులం, మతం, ఊరు అడగవద్దు. బలవంతం లేదు, కానుక సంచి వారి ముందుకు వెళ్లకూడదు. చాయ్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి.

6. ఎవరైనా బతకాలని లేదంటే ప్రార్థనతో సరిపెట్టవద్దు. ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 సంఘం గోడమీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి.

వీటిలో దేనికీ చందా అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. పెద్దలు ఒక తీర్మానం చేస్తే చాలు. ఈ ఆదివారం ఆరాధన అయిపోగానే మీ పాస్టరుగారిని కలవండి, ఈ కరపత్రం చేతికివ్వండి, వచ్చే వారమే మొదటి కీర్తనతో మొదలుపెట్టమని అడగండి. సంఘానికి రావడం మానేసినవారి ఇంటికి మీరే స్వయంగా వెళ్లి పిలవండి. వాళ్లు ఏడుపుతో వచ్చినా, కోపంతో వచ్చినా మనతో కలిసి ప్రార్థించవచ్చని చెప్పండి.

ఇట్లు,
ఆదిలాబాద్ ప్రాంత విశ్వాసులు కొందరు