పంచాయతీకి వకీలేడీ?

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల భూమికి రెక్కలొచ్చి చాన ఏండ్లయింది. ఔటర్ రింగు రోడ్డు, ఆదిభట్ల కంపెనీలు, యాచారం మండలంలో ఫార్మాసిటీ భూసేకరణ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ధర పెరిగినచోటల్లా కబ్జాదారు కన్ను ముందుగా పడేది ఊరుమ్మడి జాగల మీదనే. చెరువు శిఖం, బంజరు, లేఅవుట్లలో వదిలిన పార్కు స్థలం. వీటికి కావలి గ్రామపంచాయతీ. మరి ఆ కావలికి కోర్టులో నోరెవరు?

కాగితం మీద అన్నీ ఉన్నాయి. లేఅవుటులో 10 శాతం ఖాళీ స్థలాన్ని, రోడ్లను పంచాయతీకి అప్పగించాలని 2002 నాటి నియమాలు చెప్పాయి. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి పంచాయతీల పరం చేయాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. తన పేరుతో దావా వేసే హక్కు పంచాయతీకి చట్టమే ఇచ్చింది.

జరిగేది వేరు. పార్కు జాగను ప్లాట్లు చేసి అమ్ముకున్నవాడే ముందుగా కోర్టుకెక్కి పంచాయతీ మీద ఇంజంక్షన్ అడుగుతాడు. ఆయన వెంట భూమి కేసుల్లో ఆరితేరిన వకీలుంటాడు. సమన్లు అందిన 30 రోజుల్లో, మహా అయితే 90 రోజుల్లో జవాబు వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ అంటుంది. ఆలోగా లేఅవుటు ప్లాను వెతకాలి, పహాణీ నకలు తీయాలి, ఫీజుకు తీర్మానం చేయాలి. కార్యదర్శి బదిలీ అయితే ఫైలు జాడ తెలియదు. వాయిదాకు ఎవరూ పోకపోతే కేసు ఎక్స్‌పార్టీ. కొట్లాడకుండానే ఊరు ఓడిపోతుంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులే లేరు. ఆ కాలంలో వచ్చిన సమన్లకు ఊరి తరఫున జవాబు చెప్పాల్సింది ప్రత్యేకాధికారులే.

హైకోర్టులో పంచాయతీల తరఫున స్టాండింగ్ కౌన్సిల్ ఉంటాడు. ఆయనను నియమించేది సర్కారు. కబ్జాదారు మీదైతే సరే, సర్కారు ఉత్తర్వు మీదనే ఊరు కొట్లాడాల్సి వస్తే? సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం 2018 చట్టం కలెక్టరుకు ఇచ్చింది. ఆ సర్పంచ్ కలెక్టరు ఉత్తర్వును సవాలు చేస్తూ వకీలును ఎక్కడ వెతుక్కోవాలి? పేదలకు ఉచిత వకీలునిచ్చే 1987 చట్టం జాబితాలో పంచాయతీ పేరు లేదు. బ్రిటన్‌లో స్థానిక మండళ్లు ప్రజల ప్రయోజనం కోసం తమ పేరుతోనే కోర్టుకు పోవచ్చని 1972లోనే చట్టం చేశారు. అక్కడి పెద్ద మండళ్లకు సొంత న్యాయ విభాగాలున్నాయి.

మేం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. రెవెన్యూ డివిజనుకొక న్యాయ సలహా కేంద్రం పెట్టాలి. భూమి చట్టాలు, పంచాయతీ చట్టం చదివిన వకీళ్లు అందులో ఉండాలి. వారిని ఎంచుకునే హక్కు పంచాయతీలకే ఉండాలి, ఫీజు భారం మాత్రం సర్కారు మోయాలి. ప్రతి ఊరు కేసుల రిజిస్టరు రాసి గ్రామసభ ముందు పెట్టాలి. పంచాయతీ మునిసిపాలిటీగా మారితే ఆ రిజిస్టరు కూడా వెంట పోవాలి.

మన పాలన మనకు కావాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. ఆ పాలన సచివాలయం గేటు కాడనే ఆగిపోతే ఊరికి దక్కిందేమిటి? కొత్త సర్పంచులు తొలి గ్రామసభలోనే ఈ ప్రశ్న లేవనెత్తాలి.