ముందు వరుస సోఫా
మారియట్ హోటళ్ల సభ్యత్వ పథకంలో ఏడాదికి 50 రాత్రులు బస చేసినవారికి ప్లాటినం హోదా. వీలుంటే మెరుగైన గది, చాలాచోట్ల సాయంత్రం 4 దాకా గది ఖాళీ చేయనక్కర్లేని వెసులుబాటు. రాత్రులు తగ్గితే తర్వాత హోదా దిగిపోతుంది. అది వ్యాపారం, షరతులు ముందే చెబుతారు. తప్పుపట్టలేం.

మందిరం సంగతి వేరు. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల పేదకు పాదపీఠం దగ్గర చోటు చూపడాన్ని యాకోబు గద్దించాడు (2:2-4). అయినా క్రిస్మస్ ఆరాధనలో పెద్ద కానుకలిచ్చే కుటుంబానికి ముందు వరుస సోఫా! ఏళ్లుగా చాపలు పరిచే విధవరాలికి చెప్పుల పక్కన చోటు. సంఘపెద్దలకు కోపం వచ్చినా సరే, చెప్పక తప్పదు.

ద్రాక్షతోట యజమాని గంటలు లెక్కపెట్టి హోదాలివ్వలేదు. సాయంకాలం అయిదింటికి వచ్చిన కూలీకీ దేనారమే ఇచ్చాడు (మత్తయి 20). పొద్దుటినుంచి పనిచేసినవారు సణిగారు. వచ్చే ఆదివారం ఆ సోఫాలో విధవరాలిని కూర్చోబెడితే మనలో ఎవరు సణుగుతారు?