కొలిమి వేరు, పొయ్యి వేరు

పోయిన ఆదివారం పొద్దున్నే కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వెళ్తే ఓటీజీ వెలుగుతోంది. నేను పెట్టలేదు. మా ఇంట్లో దాని జోలికి వెళ్ళేవాళ్ళు ఇంకెవరూ లేరు. అబ్బాయి సెలవులకొచ్చాడు కదా, అమ్మ కోసం ఏమైనా చేస్తున్నాడేమోనని ఒక్క క్షణం మురిసిపోయాను కూడా. తలుపు తీస్తే లోపల కేకు లేదు, నల్లటి ఇనుప ముక్క ఉంది. గ్రీజు కాలిన కమురు కంపు ఇల్లంతా.

"అమ్మా, తలుపు తీయకు, వేడి పోతుంది!" అని వెనకనుంచి కేక.

తండ్రీకొడుకులు మా పాత మారుతి 800కి ముందు చక్రం బేరింగ్ మారుస్తున్నారు. ఫ్రీజర్ తీస్తే పచ్చి బఠాణీల ప్యాకెట్ మీద కవర్లో చుట్టిన కొత్త బేరింగ్!

ఆయన నాకు నచ్చజెప్పబోయారు. "బేరింగ్ బిగువుగా కూర్చోవాలి. అది కూర్చునే గూటిని వేడి చేస్తే కాస్త పెద్దదవుతుంది. బేరింగ్ చల్లబడితే కాస్త చిన్నదవుతుంది. సుత్తితో బాదే పని లేకుండా లోపలికి జారుతుంది. రెండూ మామూలు స్థితికొచ్చాక ఇక వదలవు."

నాకా చెప్పేది? ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసుల్ని, లోపలి దాంట్లో చన్నీళ్ళు పోసి, బయటిదాన్ని వేణ్ణీళ్ళలో ముంచి విడదీసేది ఎవరు? బిగుసుకుపోయిన సీసా మూతని వేణ్ణీళ్ళ కింద తిప్పి తీసేది ఎవరు? వ్యాకోచం, సంకోచం అన్న పుస్తకం మాటలు వినకుండానే మన అమ్మమ్మలు ఆ పని చేశారు. మావాడి లెక్క ప్రకారం 70 మిల్లీమీటర్ల వెడల్పున్న ఇనుప గూడు 100 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది ఒక వెంట్రుక మందం. ఆ వెంట్రుకవాసి కోసం నా ఓటీజీ బలి!

ఇంతలో టైమైందని వాడు గట్టు మీదున్న తడి మసిగుడ్డ తీసుకుని ఆ ముక్కని పట్టుకోబోయాడు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. తడిగుడ్డతో వేడి గిన్నె దించితే ఆవిరికి చెయ్యి ఎలా కాలుతుందో మనకి తెలుసు, వాడికి తెలీదు. ఎర్రగా కాలిన ఇనుముని చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. 120 డిగ్రీల ఇనుము చల్లటి ఇనుములాగే కనిపిస్తుంది. అదే ప్రమాదం.

చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూశాను. పట్టాని చక్రం కన్నా రవ్వంత చిన్నదిగా చేసేవారు. ఖాళీ జాగాలో దాని చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చి, నలుగురు పట్టకార్లతో తెచ్చి చెక్క చక్రానికి తొడిగేవారు. వెంటనే బిందెలతో నీళ్ళు పోస్తే బుస్సుమని ఆవిరి లేచి, పట్టా చక్రాన్ని గట్టిగా పట్టేసుకునేది. మావాళ్ళు చేసిందీ అదే విద్య. కానీ ఆ కమ్మరి ఆ పనిని భార్య అన్నం వండే పొయ్యి మీద చేయలేదు. దానికి చోటు వేరు, నిప్పు వేరు.

నా కోపం పని మీద కాదు. తండ్రీకొడుకులు ఫోన్లు పక్కన పడేసి ఒక పని మీద కూర్చోవడం నాకూ ముచ్చటే. కానీ వంటిల్లు వాడుకునేటప్పుడు అందరిదీ, కడిగేటప్పుడు నాదీ ఎలా అవుతుంది? ఆయన ఆఫీసు బల్ల మీద నేను చేపలు శుభ్రం చేస్తే ఊరుకుంటారా? ఇది నేను పనిచేసే చోటు. అడగాలి. అడిగితే నేనే వద్దనేదాన్ని, ఎందుకో కూడా చెప్పేదాన్ని. గ్రీజు పొగ పట్టిన ఓవెన్లో మళ్ళీ తిండి వండకూడదు. పైగా బ్రేకులు కడిగే ద్రవాలు కొన్నింట్లో క్లోరిన్ ఉంటుంది, అవి ముక్క మీద మిగిలి బాగా వేడెక్కితే విషవాయువు పుడుతుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఉత్సాహవంతులుంటే ముందే చెప్పండి. ఒక పాత ఓవెన్ కొనుక్కుని పెరట్లోనో షెడ్డులోనో పెట్టుకోమనండి. ముక్కని శుభ్రంగా కడిగి ఆరబెట్టాకే వేడి చేయమనండి. మందపాటి పొడి తోలు గ్లవుజులు తొడుక్కోమనండి. కొత్త బేరింగ్‌ని మాత్రం మంట మీద కాల్చనివ్వకండి. 120 డిగ్రీలు దాటితే దాని గట్టిదనం, లోపలి గ్రీజు, సీళ్ళు పాడయ్యే ప్రమాదం ఉంది.

చివరికి బేరింగ్ టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడుకి ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి, నేనూ నవ్వాను. ఓటీజీ ఆ సాయంత్రమే కారు షెడ్డుకి కాపురానికి వెళ్ళింది. నాకు కొత్తది ఇంకా రాలేదు. వచ్చేదాకా ఈ ఇంట్లో కేకు లేదు.