ఆ మూడో పిన్ను

మొన్న ఫెస్ట్ రిహార్సల్లో గిటార్ వాయిస్తూ పాడుతుంటే పెదవికి మైకు తగిలి చురుక్కుమంది. అందరూ నవ్వారు. సౌండ్ అన్న మైకుకి స్పాంజి తొడిగాడు. చురుకైతే తగ్గింది, తప్పు అలాగే ఉంది.

గిటార్ తీగలు ఆంప్ బాడీ ద్వారా ఎర్త్‌కి కలుస్తాయి. మనమేమో మూడో పిన్ను పీకేసి టూపిన్ బోర్డులో దూరుస్తాం. ఆంప్‌లో లీకేజీ వస్తే తీగలే లైవ్. ఎర్త్ అయిన మైకు ముట్టుకున్నామా, మధ్యలో వైరు మనమే! 1972లో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్ హార్వీ స్వాన్సీలో స్టేజి మీదే పోయాడు. అక్కడ ఎర్త్ లేనిది మైకుకి.

ఈఈఈ బ్రాంచి ఉన్న కాలేజీలో ఇదేం ఖర్మ? ఆంప్, మిక్సర్ రెండూ ఒకే ఎర్త్ ఉన్న బోర్డు నుంచి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ దాటి వచ్చేదాకా సౌండ్ చెక్ వద్దు. లేటవుతుందంటే ప్రిన్సిపాల్ గారి స్పీచ్ ముందు పెట్టుకోండి.