కరేబియన్ వైద్యవిద్య: ‘అలవాటైపోతుంది’ అన్న సలహాకు ఖండన

కరేబియన్ దీవుల్లో డాక్టరు చదువుకు వెళ్లే విద్యార్థి అక్కడ ఇమడగలడా అన్న ప్రశ్నకు గోదావరి జిల్లాల్లో ఒక సిద్ధ సమాధానం ఉంది. నీట్‌లో కన్వీనర్ కోటాకు చాలని ర్యాంకు వచ్చిన పిల్లల ఇళ్లలోనూ, రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం కన్సల్టెన్సీ ఆఫీసుల్లోనూ అదే వినిపిస్తుంది. అది కూడా మన కోనసీమ లాంటి చోటే, కొబ్బరిచెట్లు, సముద్రం, చేపలు, ఉక్కపోత. మూడు నెలలు ఓర్చుకుంటే అలవాటైపోతుంది. మన తాతలు రంగం (రంగూన్) వెళ్లి బతకలేదా? ఈ సమాధానానికి రెండో భాగం కూడా ఉంది. వెళ్లేటప్పుడు దాన్ని ఎవరూ అనరు. చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చిన పిల్లవాడి గురించి మాత్రం వెంటనే అంటారు: వాడు అడ్జస్ట్ కాలేకపోయాడు.

రెండు మాటలూ తప్పు. మొదటిది తప్పు కావడానికి కారణం అందులో కొంత నిజం ఉండటమే. ఎండ, తిండి విషయంలో ఆ దీవులు గోదావరి పిల్లలను పెద్దగా కష్టపెట్టవు. కష్టపెట్టేవి వేరే ఉన్నాయి: చదువు కట్టిన తీరు, ఫీజు గడువులు, దూరం, చివరికి లైసెన్సు చట్టం. వీటిలో ఒక్కటి కూడా విద్యార్థి ఓర్పుతో మారేది కాదు.

ముందుగా నిజమైన భాగం. గ్రెనడా, డొమినికా, సెయింట్ విన్సెంట్, బార్బడోస్ ఉష్ణమండల దీవులు. ఏడాది పొడుగునా పగటి వేడి ముప్ఫై డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. రోహిణీ కార్తె ఎండలు చూసినవాళ్లకు అది హాయి. కూరకు అరటికాయ దొరుకుతుంది, చేప దొరుకుతుంది, చేమ ఆకు దొరుకుతుంది. ఆ ఆకును అక్కడ ‘కాలలూ’ పేరుతో వండుతారు. కోనసీమ పెరళ్లలో కనిపించే సీమపనస అక్కడ రోజువారీ తిండి. కెప్టెన్ బ్లై 1793లో పసిఫిక్ దీవుల నుంచి ఆ మొక్కలను సెయింట్ విన్సెంట్‌కు చేర్చాడు, తోటల్లో పనిచేసే బానిసలకు చవకగా కడుపు నింపడం కోసం. సీమపనస ముక్కలు, కొబ్బరిపాలు, చేమ ఆకు, ఉప్పు మాంసం కలిపి ఉడికించే ‘ఆయిల్ డౌన్’ గ్రెనడా జాతీయ వంటకం. ట్రినిడాడ్‌లో, గయానాలో పప్పు కూరిన రొట్టెలు వీధిలోనే అమ్ముతారు. 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు, 1857లో గ్రెనడాకు ఒప్పంద కూలీల ఓడలు వెళ్లడం మొదలైంది. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు.

గయానా దీవి కాదు, దక్షిణ అమెరికా తీరం. అయినా కరేబియన్ దేశాల కూటమిలోనిదే, భారతీయ విద్యార్థులు చదివే కాలేజీలు అక్కడా ఉన్నాయి. డెల్టా వాసికి అంత పరిచయంగా అనిపించే చోటు ఆ ప్రాంతంలో మరొకటి లేదు. జార్జ్‌టౌన్ నగరం సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉంటుంది. డచ్చివాళ్ల కాలం నాటి కాలవలు, సముద్రపు గోడ, పోటుకు మూసి పాటుకు తెరిచే తూములు, వాటి వెనక వరిచేలు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన కాలవ గట్టు మీద పెరిగిన పిల్లవాడికి ఆ నేల ఎలా బతుకుతోందో ఎవరూ వివరించనక్కర్లేదు. 2012 జనాభా లెక్కల్లో ఆ దేశంలో దాదాపు నూటికి నలభై మంది భారత సంతతివారే.

మర్యాదలు కూడా నేర్చుకోగలిగినవే. కొట్లోకి గానీ బస్సులోకి గానీ అడుగుపెట్టగానే ముందు పలకరించాలి. పలకరింపు లేకుండా ధర అడిగితే పొగరు కింద లెక్క. రాత్రి కలిసినప్పుడు ‘గుడ్ నైట్’ అని పలకరిస్తారు, అది వీడ్కోలు కాదు. గ్రెనడా మినీబస్సును ఆపాలంటే రేకు మీద తట్టాలి. సైనికుల రంగుల బట్టలు వేసుకోవడం బార్బడోస్, గ్రెనడా వంటి చోట్ల నేరం. ఇది సూట్‌కేసు సర్దేటప్పుడే తెలియాలి. రోగుల యాస ఇంగ్లీషు మొదట అర్థం కాదు, కొన్నాళ్లకు అవుతుంది. ‘అలవాటైపోతుంది’ అన్న మాట ఇంతవరకు సరిపోతుంది. ఇక్కడి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు పోదు.

ఎందుకంటే విద్యార్థి నిజానికి అలవాటు పడవలసింది దీవికి కాదు, అక్కడి చదువు కట్టిన తీరుకు. ఆ ప్రాంతానికి తన సొంత వైద్య కళాశాల ఉంది. 1948లో జమైకాలోని మోనాలో 33 మంది వైద్య విద్యార్థులతో మొదలైన సంస్థే నేటి వెస్టిండీస్ విశ్వవిద్యాలయం. దీవుల ఆసుపత్రులకు డాక్టర్లను తయారుచేయడం దాని పని. తెలుగు విద్యార్థులకు ప్రచారంలో చూపించేవి సాధారణంగా ఆ తరహావి కావు. 1976లో గ్రెనడాలో సెయింట్ జార్జెస్, 1978లో డొమినికాలో రాస్, అదే ఏడాది మాంట్‌సెరాట్‌లో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ది కరేబియన్ పుట్టాయి. అమెరికాలో సీటు రాని అమెరికన్ విద్యార్థులు ప్రధానంగా వాటిని నింపారు. మొదటి రెండేళ్ల పాఠాలు దీవిలో, తర్వాతి రెండేళ్ల ఆసుపత్రి శిక్షణ ఎక్కువ భాగం అమెరికాలో. ఆ శిక్షణకు అమెరికన్ ఆసుపత్రుల్లో చోటు డబ్బు పెట్టి కొనవలసిందే: 2007లో సెయింట్ జార్జెస్ న్యూయార్క్ నగర ప్రభుత్వాసుపత్రులతో పదేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ కాలేజీలు విషయం దాచిపెట్టి తమ విద్యార్థులను మోసం చేశాయని కాదు ఇక్కడి వాదన. ఎవరి కోసం కట్టిన చదువో, ఎవరి అప్పుల పద్ధతికి, ఎవరి పాస్‌పోర్టుకి సరిపోయేలా కట్టారో తెలియకుండా, అమలాపురం పిల్లవాడు అందులో ఇమడకపోతే తప్పు వాడి స్వభావానిది అనడం అన్యాయం.

ఆ చదువు వేగం కూడా వేరు. చాలా చోట్ల ఏడాదికి మూడు సెమిస్టర్లు, మధ్య విరామాలు చిన్నవి. ప్రశ్నలు అమెరికన్ లైసెన్సు పరీక్ష నమూనాలో ఉంటాయి: ఒక రోగి వయసు, ఫిర్యాదు, పరీక్షల ఫలితాలు పేరా నిండా ఇచ్చి చివర ఒక ప్రశ్న. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు బిట్లు సాధన చేసిన విద్యార్థికి జ్ఞాపకశక్తిలో లోటు ఉండదు. ఇంగ్లీషు పేరాను వేగంగా చదివి అందులో అక్కర్లేనిది వదిలేయడం, ఎనిమిది మంది ముందు తన ఊహను నోటితో చెప్పి సమర్థించుకోవడం అతనికి కొత్త. తక్కువ మార్కులు వస్తే సెమిస్టర్ మళ్లీ చదవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. ఇది ఇంటి మీద బెంగ కాదు, శిక్షణలోని తేడా. మొదటి సెమిస్టర్‌కు ముందే ఆరు నెలలు ఆ పద్ధతిలో చదివిస్తే చాలావరకు పూడుతుంది. బెంగ అని పేరు పెట్టి ఊరుకుంటే ఎప్పటికీ పూడదు.

డబ్బు విషయం ఇంకా లోతుగా చూడాలి. డెల్టా ఇళ్లలో పెద్ద మొత్తం చేతికొచ్చే కాలాలు అందరికీ తెలుసు. సార్వా కోతల డబ్బు సంక్రాంతికి, దాళ్వా డబ్బు మే నెలకు. మూడు సెమిస్టర్ల కాలేజీ జనవరిలో, మేలో, సెప్టెంబర్ ముందు ఫీజు అడుగుతుంది. మొదటి రెండూ ఎలాగో కుదురుతాయి. మూడోది సార్వా చేలో ఎరువులకు, కూలీలకు పెట్టుబడి పెట్టి, గోదావరి వరద తగ్గిందా లేదా అని చూస్తున్న రోజుల్లో వచ్చిపడుతుంది. ఆ ఒక్క గడువు కోసం ఏటా అధిక వడ్డీకి అప్పు చేయాలి. పైగా అది డాలర్లలో. పెద్ద కాలేజీల్లో మొత్తం ట్యూషనే రెండు లక్షల డాలర్లు దాటుతుంది. రొయ్యల చెరువులున్న కుటుంబాలకూ భద్రత లేదు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆక్వా రైతు ఆదాయం దెబ్బతింది, సెమిస్టర్ ఫీజు మాత్రం తగ్గలేదు. గ్రెనడా, డొమినికా వంటి దీవుల్లో వాడే తూర్పు కరేబియన్ డాలరు 1976 నుంచి 2.70కి ఒక అమెరికన్ డాలరుగా కట్టి ఉంది, అంటే రూపాయి పడిన ప్రతిసారీ కూరగాయల బిల్లు కూడా పెరుగుతుంది. ఫీజు బాకీ పడి పరీక్షకు కూర్చోనివ్వని విద్యార్థి ఊళ్లోవాళ్ల దృష్టికి ‘అడ్జస్ట్ కాలేనివాడు’గానే వస్తాడు.

దూరాన్ని మైళ్లలో కొలిచి లాభం లేదు. తూర్పు కరేబియన్ గడియారం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. తల్లి రాత్రి ఎనిమిదికి పని ముగించుకుని ఫోన్ చేస్తే అక్కడ ఉదయం పదిన్నర, క్లాసు మధ్య. సాధారణంగా లండన్ గానీ న్యూయార్క్, మయామీ గానీ తాకి వెళ్లాలి. అమెరికా మీదుగా అయితే విమానం మారడానికి కూడా వీసా కావాలి. ఇంట్లో ఎవరైనా పోతే కడసారి చూపుకు అందే దారి లేదు. ఈ సంగతి బయల్దేరక ముందే కుటుంబం కూర్చుని మాట్లాడుకోవాలి.

తుఫాను గురించి గోదావరి వాళ్లకు చెప్పేదేముంది అంటారు. నిజమే, 1996 నవంబర్ 6 నాటి తుఫాను కోనసీమలో వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. అయినా పోలిక నిలవదు. కోనసీమలో గాలి లేస్తే రావులపాలెం దాటి రాజమండ్రి చేరవచ్చు. చిన్న దీవికి వెనక నేల లేదు. 2004 సెప్టెంబర్‌లో ఐవన్ హరికేన్ గ్రెనడా ఇళ్లలో అత్యధిక భాగాన్ని ఒక్కరోజులో దెబ్బతీసింది. 2017 సెప్టెంబర్‌లో మరియా డొమినికాను ఊడ్చేశాక రాస్ కాలేజీ సెయింట్ కిట్స్ రేవులో ఆగిన ఓడలో పాఠాలు చెప్పి, అక్కడి నుంచి అమెరికాలోని టెనెసీకి, చివరికి బార్బడోస్‌కు మారిపోయింది. అదే నెలలో ఇర్మా సింట్ మార్టెన్‌ను తాకితే అక్కడి అమెరికన్ యూనివర్సిటీ తన విద్యార్థులను ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌కు తరలించింది. ఆ కాలేజీ సింట్ మార్టెన్‌కు వచ్చిందే 1995లో మాంట్‌సెరాట్ అగ్నిపర్వతం పేలాక. అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవాడు సూట్‌కేసుతో విమానం ఎక్కుతాడు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాడు ముందు వీసా ఎక్కడ దొరుకుతుందో చూసుకోవాలి.

అన్నిటికన్నా బరువైనది చట్టం. 2021 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో చదివి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి, శిక్షణలో ఏ భాగమూ డిగ్రీ ఇచ్చిన దేశం దాటి జరగకూడదు. ఆ దేశ పౌరుడితో సమానంగా అక్కడ ప్రాక్టీసు చేసే అర్హత కూడా రావాలి. సగం దీవిలో, సగం అమెరికాలో జరిగే చదువు ఈ నిబంధన ముందే ఆగిపోతుంది. తిరిగొచ్చి కాకినాడలో క్లినిక్ పెడతానని వెళ్లిన పిల్లవాడికి ఆ దారి మొదటి రోజే మూసుకుపోయి ఉంటుంది, ఆ మాట అతనికి మూడో ఏట తెలుస్తుంది. పూర్తిగా ఒకే దేశంలో చదివినవారికీ స్క్రీనింగ్ పరీక్ష ఉంది. 2023 డిసెంబర్ పరీక్షలో గట్టెక్కినవారు సుమారు 20 శాతం. ఇక అమెరికా వైపు: 2024 రెసిడెన్సీ కేటాయింపుల్లో విదేశాల్లో చదివిన అమెరికన్ పౌరుల్లో 67 శాతానికి చోటు దొరికితే, పౌరసత్వం లేనివారిలో 58.5 శాతానికే దొరికింది. అమెరికాలోనే ఎండీ చదివినవారికి అది 93 శాతం పైమాటే.

రంగం వెళ్లిన తాతల ప్రస్తావన ఈ సలహాలో గట్టి వాదనగా చెలామణి అవుతోంది. అదీ నిలవదు. కాకినాడ రేవు నుంచి రంగూన్‌కు స్టీమరెక్కినవాడు మేస్త్రీ వెంట, తన ఊరి గుంపుతో వెళ్లాడు. పని కాలం ముగిశాక తిరిగిరావడం అందులో భాగం. పైగా ఆ ప్రయాణం సుఖాంతం కాలేదు: 1930 మేలో రంగూన్ రేవులో పనిచేసే తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి, 1942లో జపాన్ దండయాత్ర వేళ వేలాదిమంది నడిచి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. పెద్దవాళ్ల ఆ బాధను తెచ్చి, పద్దెనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా వెళ్లడానికి ధైర్యం చెప్పే మాటగా వాడటం వాళ్లనూ గౌరవించినట్టు కాదు.

కాబట్టి బయల్దేరే ముందు అడగవలసిన ప్రశ్నలు తిండి గురించి కావు. చివరి రెండేళ్లు ఏ దేశంలో, ఏ ఆసుపత్రిలో? ఆ దేశపు వీసా నిరాకరిస్తే ఏం చేస్తారు? 54 నెలలు, ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో అని రాతపూర్వకంగా ఇస్తారా? సీఏఏఎం-హెచ్‌పీ వంటి గుర్తింపు సంస్థ ఆమోదం ఉందా? మొదటి సెమిస్టర్‌లో చేరినవారిలో ఎంతమంది చివరిదాకా ఉన్నారు? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారు, సెలవు పెట్టి తిరిగి చేరే వీలుందా? వీటికి కాగితం మీద జవాబు ఇవ్వని ఏజెంటుకు అడ్వాన్సు కట్టకూడదు.

తిరిగొచ్చినవాళ్ల సంగతి కూడా ఇందులోదే. నీట్‌కు పై వయసు పరిమితిని 2022లో తీసేశారు, అంటే ఒక సెమిస్టర్‌కో రెండు సెమిస్టర్లకో వెనక్కి వచ్చిన విద్యార్థి మళ్లీ రాయవచ్చు. 2023 నుంచి రాజమహేంద్రవరంలో, ఏలూరులో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు 150 సీట్ల చొప్పున నడుస్తున్నాయి. కాకినాడలో రంగరాయ కళాశాల 1958 నుంచీ ఉంది. మళ్లీ చదవడానికి ఆ విద్యార్థికి ఒక ఏడాది, ఒక గది, ఎందుకొచ్చావని రోజూ అడగని ఇల్లు కావాలి. కుటుంబం ఆ ఏడాదిని ఇవ్వగలిగేది ఖర్చు మూడో సెమిస్టర్ దాకా పోక ముందే. అందుకే మొదటి సెమిస్టర్ ఫలితం రాగానే మార్కుల పట్టీని ఇంట్లో అందరూ కలిసి చూడాలి. కొనసాగాలా, ఆపాలా అన్న నిర్ణయం ఆ నెలలోనే, తర్వాతి ఫీజు గడువుకు ముందే జరగాలి.